ఇంటి మాట ఏదని అడిగినప్పుడు

(హోసూరులో తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగపు పాఠం)



నేను బెంగుళూరువాడిని. ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరం. మా ముత్తాత నాటి నుండి మా కుటుంబం ఆ నగరపు పాతపేటలోనే ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పక్కింటివారితో తమిళం, బట్టల అంగడిలో ఉరుదూ. ఈ నాలుగింటిలో ఏదీ మాకు ఒకరు కూర్చోబెట్టి నేర్పినది కాదు. మా అమ్మ కన్నడ బడిలో నాలుగవ తరగతి వరకు చదివినది. ఆమె పాటల పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. అందులోని పాటలన్నీ తెలుగు, వ్రాత మాత్రం కన్నడ లిపి.

బెంగుళూరు తెలుగు నిన్న మొన్న కంప్యూటరు ఉద్యోగాలతో వచ్చి దిగినదని అనుకొనేవారు ఉన్నారు. 1537లో ఆ నగరాన్ని కట్టించినాడని చెప్పే కెంపేగౌడ తెలుగులో ‘గంగాగౌరీ విలాసం’ అనే యక్షగానం వ్రాసినట్లు ప్రసిద్ధి. నగరానికి తూర్పున, వర్తూరు, బెళ్ళందూరు వైపు పాత పల్లెల్లో రెడ్ల ఇండ్ల మాట తెలుగు. ఊరి పేరు చివర ‘హళ్ళి’ ఉంటుంది, నట్టింట తెలుగు ఉంటుంది. ఆ రెంటికీ తగవు ఏనాడూ లేదు.

2011 జనగణన ప్రకారం బెంగుళూరు నగర జిల్లాలో నూటికి సుమారు 44 మంది కన్నడాన్ని, 15 మంది తమిళాన్ని, 14 మంది తెలుగును, 12 మంది ఉరుదూను మాతృభాషగా చెప్పుకొన్నారు. ఈ ‘చెప్పుకొన్నారు’ అనే మాటను కొంచెం గట్టిగా పట్టుకోండి. నేను ఈనాడు మాట్లాడవలసినది దానిని గురించే.

ముందు వంటింటిలోకి వెళదాము. చలికాలంలో అనపకాయలు రాగానే మా ఇంట్లో గింజలు నానబెట్టి, తోలు పితికి, పప్పు తీసి పులుసు పెడతారు. మాకది పితికిన పప్పు. ఎదురింటి కన్నడమువారికి అది ‘హితికిద బేళె’. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి, మన పువ్వు వారికి హూవు. పాత కన్నడంలో వారిదీ ‘ప’కారమే, తరువాత ‘హ’కారమైనది. ఒకే వీధిలో, ఒకే గింజను, ఒకే విధంగా పితికి, రెండు పేర్లతో పిలిచి, రెండిండ్ల నడుమ గిన్నెలు మార్చుకొన్నవారము మేము. అందుచేత కన్నడం వలన మా తెలుగు చెడిపోయినదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటి భాష తమిళం. ఆయన కన్నడంలో వ్రాసి 1983లో జ్ఞానపీఠ పురస్కారం పొందినారు. ఇంటి భాష ఒకటై, ఊరి భాష ఇంకొకటైనంత మాత్రాన మనిషికి తక్కువ కలుగదు.

మా తెలుగుకు దెబ్బ తగిలినది మరొక చోట. నా పెండ్లి నాడు కోస్తా జిల్లాల నుండి చుట్టాలు వచ్చినారు. మా అమ్మ వారిని పలకరించి, ‘ఆడ కూసోండి, యాడ దిగినారు?’ అన్నది. ఒకరిద్దరు ముఖాముఖాలు చూసుకొని నవ్వినారు. ‘మీది తెలుగా, కన్నడమా?’ అని ఒకాయన సరసమాడినాడు. ఆమె మారు పలుకలేదు. ఆ తరువాత క్రొత్తవారు ఇంటికి వస్తే ఆమె వంటింటిలోనే ఉండిపోయేది. నేనేమి చేసినానో కూడా చెప్పాలి. ఆ నవ్విన వారితో నేను పత్రికల్లో చదివి నేర్చుకొన్న తెలుగులో మాట్లాడినాను. నా కొడుకుతో ఇంగ్లీషులో మాట్లాడినాను. తల్లి మాటకు సిగ్గుపడి బిడ్డ మాటను మార్చినవాడిని నేను. పొరుగు భాషవారు ఎవరూ నన్ను అట్లా చేయమని చెప్పలేదు.

2011లో ఒక ఉదయం జనగణన చేసేవారు మా ఇంటికి వచ్చినారు. ఆయన ఒక బడిపంతులు, మర్యాదస్థుడు. కన్నడంలో అడిగినారు, నేను కన్నడంలో చెప్పుతూ పోయినాను. మాతృభాష గడి దగ్గర ఆయన నన్ను అడగకుండానే ‘కన్నడ’ అని వ్రాసుకొన్నారు. నేను చూసినాను. చూసి కూడా ఊరకుండినాను. ఆఫీసుకు వేళయినది, ఒక్క మాటకు ఎందుకులే అనుకొన్నాను. ఆయన వెళ్ళిన తరువాత లోపలి నుండి అమ్మ అడిగినది: ‘ఏమడిగినాడప్పా ఆయప్ప?’ ‘మన మాట ఏదని,’ అన్నాను. ‘ఏం చెప్పినావు?’ అన్నది. నేను చెప్పులు తొడుక్కొని బయటపడినాను.

ఆ గడికి నియమం ఉన్నది. చిన్నతనంలో తల్లి మనతో మాట్లాడిన భాషే మాతృభాష. తల్లి పసితనంలోనే పోయి ఉంటే ఆ ఇంట ఎక్కువగా మాట్లాడిన భాష. చదివిన బడితో, వ్రాసే లిపితో, నివసించే రాష్ట్రంతో దానికి నిమిత్తం లేదు. వచ్చిన ఇతర భాషలను రెండింటి వరకు చెప్పేందుకు వేరే గడి ఉన్నది. కన్నడానికి నేను ఇవ్వవలసిన గౌరవం అక్కడ ఇచ్చి ఉండవచ్చును.

ఒక్క మాటే కదా అనుకొన్నాను గాని, ఆ మాట మీద ఎన్ని ఆధారపడి ఉన్నవో తరువాత తెలిసినది. భాషా అల్పసంఖ్యాకులకు ఒప్పుకొన్న రక్షణల ప్రకారం ఒక ప్రాంతంలో ఒక భాషవారు నూటికి 15 మంది గాని అంతకు మించి గాని ఉంటే ముఖ్యమైన ప్రకటనలు, నియమాలు ఆ భాషలోనూ ప్రచురించాలి. మా జిల్లాలో మన లెక్క 14 దగ్గర ఆగినది. నా వంటివారు ఎందరు చూస్తూ ఊరకుండినారో ఎవరు లెక్కపెట్టగలరు? తరగతికి 10 మంది, లేదా బడికి 40 మంది పిల్లలుంటే వారి భాషలో చదువు చెప్పే ఉపాధ్యాయుని ఇవ్వాలన్నది 1949 నాటి విద్యామంత్రుల సమావేశపు ఒప్పందం. రాజ్యాంగంలో 350ఏ అధికరణం 1956లో చేరినది. అమలు ఎంత మాత్రమో మీకు నేను చెప్పనక్కరలేదు. 2006 తమిళ అభ్యసన చట్టం తరువాత మీ పిల్లల తెలుగు చదువుకు ఏమి జరిగినదో నాకంటె మీకే ఎక్కువ తెలుసు. 2014లో సుప్రీంకోర్టు కర్ణాటక కేసులో, బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించవలసినవారు తల్లిదండ్రులే అన్నది. ఇంగ్లీషు మాధ్యమపు బడులు గెలిచిన తీర్పు అది. అయినా ఆ మాటను మనవైపు నుండి కూడా చదువుకోవచ్చును.

మా అమ్మ పోయిన తరువాత ఆమె పుస్తకాన్ని నా మనుమరాలికి చూపినాను. ఆమె కన్నడం చదువగలదు కనుక పాటలు గడగడా చదివి, ‘తాతా, ఇది తెలుగు కదా!’ అని ఆశ్చర్యపోయినది. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. తలకట్టు, మరి కొన్ని అక్షరాలు చూపితే చాలు, పది పదిహేను దినాల్లో తెలుగు అచ్చు కూడా చదవసాగినది. తమిళ బడి పిల్లలకు ఇంతకంటె ఎక్కువ దినాలు పడుతుంది, ఆ తేడా నేను ఎరుగుదును. ఇప్పుడు ఆ పిల్ల నాతో ‘యాడికి పోతావు తాతా’ అంటుంది. నేను దిద్దను.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1ని ప్రమాణంగా పెట్టుకొన్నది. ఈ విడత కాగితానికి బదులు ఫోనులో వ్రాసుకొంటారు. మా ఇంటి వివరాలు చెప్పినప్పుడు మాతృభాష గడి దగ్గర ఆపి, ఏమి వ్రాసినారో ఒకమారు చదివి వినిపించమని అడుగుతాను. వంటింటిలో నుండి అడగటానికి మా అమ్మ లేదు. మనుమరాలిని ప్రక్కన కూర్చోబెట్టుకొంటాను.

సెలవు.