కూరతోట నేర్పేవారు భూమి మాట కూడా మాట్లాడాలి

(తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల వాలంటీర్ల శిక్షణ ప్రారంభంలో చేసిన ప్రసంగ పాఠం)



మీరు పెరటి తోటల పెంపకం నేర్చుకొని, మీ ఊళ్లలో నలుగురికీ ఉచితంగా నేర్పబోతున్నారు. ఇలాంటి పని లోకంలో కొత్త కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1973లో 'మాస్టర్ గార్డెనర్' శిక్షణ మొదలైంది. విశ్వవిద్యాలయం నేర్పుతుంది; నేర్చుకున్నవారు బదులుగా కొన్ని గంటలు సమాజానికి ఇస్తారు. మన తెలుగు నేలమీద, జహీరాబాద్ ప్రాంతంలో, 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత స్త్రీలే విత్తనాలు దాచి, ఒకరికొకరు నేర్పుకున్నారు. 2019లో ఆ పనికి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బడి మెట్లు ఎక్కని తల్లులు కూడా గురువులు కాగలరని వారు చూపించారు.

ఈ శిక్షణ మనకెందుకు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. రేషన్ షాపులో బియ్యం ఉచితంగా దొరుకుతుంది, ఆకుకూర దొరకదు. ఇటుక బట్టీల్లో, రైస్ మిల్లుల్లో ఒళ్లు వంచే ఇరుళర్ కుటుంబాలకు, మన కాలనీల్లోని కూలి తల్లులకు కూర కొనడమే భారం. గుడిసె పక్కన ఒక మునగచెట్టు, నీళ్లు పారే చోట పొన్నగంటి, నాలుగు పాదుల తోటకూర ఉంటే ఆ ఇంటి పళ్లెం మారుతుంది.

తిరూరు కృషి విజ్ఞాన కేంద్రం మన జిల్లాలోనే ఉంది. అక్కడికి వెళ్లండి, అడగండి. పురుగు పడితే మందుల అంగడికి పరుగెత్తక్కర్లేదు. లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపగింజల పొడి వేసి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి. ఇలాంటివి చెప్పేటప్పుడు ఉపన్యాసం వద్దు, చేసి చూపించండి. కూలి నుంచి వచ్చిన మనిషి ముందు గంటసేపు మాట్లాడకండి. ముందు ఆమెకు తెలిసింది అడగండి. మనకంటే ఆమెకే ఎక్కువ తెలిసి ఉండవచ్చు.

భాష మాట కూడా చెప్పాలి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మన ఇళ్లల్లో తెలుగు, బడిలో, ఆఫీసుల్లో తమిళం. కరపత్రం తమిళంలో ఉంటే అవ్వకు తెలుగులో చెప్పండి. పుళిచ్చకీరై అన్నా గోంగూర అన్నా ఆకు ఒకటే.

ఇప్పుడు అసలు ప్రశ్న. తోట ఎక్కడ వేయాలి? గోడకు గోడ ఆనుకున్న కాలనీలో జానెడు జాగా లేనివారికి తోటపని నేర్పడం, పళ్లెం ఇవ్వకుండా వంట నేర్పినట్టే.

మొదటి రాజులు 21వ అధ్యాయం గుర్తు చేసుకోండి. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను అడిగింది కూరతోట కోసమే! పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నందుకు నాబోతును అబద్ధ సాక్ష్యాలతో రాళ్లతో కొట్టి చంపారు. కూరతోట వెనక కూడా భూమి రాజకీయం ఉంటుందని బైబిలే చెబుతోంది.

మన చరిత్రా అదే చెబుతోంది. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ దళితుల దుస్థితి మీద నివేదిక రాశాడు. తిరువళ్లూరు అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. ఆ తర్వాత ప్రభుత్వం దళితులకు భూములు కేటాయించింది. వాటినే పంచమి భూములంటున్నాం. ఇతరులకు అమ్మకూడదన్న షరతు ఉన్నా ఎన్నో చేతులు మారిపోయాయి. 1994లో కారణైలో ఆ భూముల కోసం నిలబడిన ఇద్దరు పోలీసు కాల్పుల్లో ప్రాణాలిచ్చారు.

కాబట్టి మిమ్మల్ని మూడు పనులు కోరుతున్నాం. ఒకటి, వారానికి రెండు గంటలు తప్పకుండా నేర్పండి. రెండు, మీ ఊరి వీఏఓ ఆఫీసులో 'ఎ' రిజిస్టర్ చూసి, పంచమి భూమి ఎంత ఉందో, ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి. మూడు, మీ చర్చి పెద్దల్ని అడగండి: ఖాళీగా ముళ్లకంపలు పెరుగుతున్న మందిర ఆవరణలో భూమి లేని కుటుంబాలకు, ఏ మతంవారైనా సరే, కొన్ని సెంట్లు ఇస్తారా? పరిగె ఏరుకునే హక్కు పేదలకూ పరదేశులకూ ఇమ్మని లేవీయకాండం ఆజ్ఞాపించింది. అది దయాధర్మం కాదు, హక్కు. మన గేటుకు తాళం వేసి, ప్రభుత్వాన్ని భూమి అడిగే నోరు మనకుండదు.

ఏదేనులో నరునికి దేవుడిచ్చిన మొదటి పని తోటను సేద్యపరచి కాపాడడం. ఆ పని అందరిదీ అయితే, నేల కూడా అందరిదీ కావాలి. ప్రభువు మీ చేతుల కష్టాన్ని దీవించును గాక. ఆమేన్.