దిగులు వదలనప్పుడు, సలహాలు ఆగనప్పుడు

రెండేళ్లు, అంతకు మించి మనసును వదలని దిగులును వైద్యులు డిస్థైమియా అంటారు. ఈ దిగులున్న మనిషి ఉద్యోగానికి వెళ్తాడు, పెళ్లిళ్లలో వడ్డన చేస్తాడు. అందుకే ఇంట్లోవాళ్లకు ఇది జబ్బని తోచదు. "నీకేం తక్కువరా? పొద్దున్నే లేచి నడువు, గుడికెళ్లిరా" అంటారు. ప్రేమతోనే అంటారు. నడక నిజంగా మేలు చేస్తుంది కూడా. కాకపోతే మంచం దిగడమే కొండంత పనైన రోజున ఆ మాట, తప్పంతా తనదే అన్నట్టు తగులుతుంది.

మీరే ఆ మనిషైతే, వాళ్లతో వాదన పెట్టుకోనక్కర్లేదు. "పిన్నీ, మందు వాడుతున్నాను, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందట. సాయంత్రం నువ్వే వచ్చి నాతో నాలుగడుగులు నడువు" అనండి. ఆవిడ ఆదుర్దాకు ఒక పని దొరుకుతుంది, మీకు తోడు దొరుకుతుంది. "మందులు మానెయ్, అలవాటైపోతాయి" అన్న సలహా మాత్రం వినకండి. డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఎవరికైనా చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ హెల్ప్‌లైన్‌కు, 14416 నంబరుకు, ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.