బడిపంతులు నేర్పిన ఆట



ఫుట్‌బాల్ జట్టు ఓడితే చాలు, కోచ్‌ని మార్చాలని ఒకరు, ఆటతీరు మార్చాలని ఒకరు వాదించుకుంటాం. అప్పుడల్లా నాకు హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు గుర్తొస్తారు. ఆయన వృత్తి బడిపంతులు. బంతితో ఒంటరిగా గారడీ చేసేవాడికే జనం చప్పట్లు కొట్టే రోజుల్లో, డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టి, బంతిని వెంటనే పక్కవాడికి అందించడం అలవాటు చేశారు. ఆయన శిక్షణలోనే మనదేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనకు క్యాన్సర్. అయినా తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ధైర్యంగా ముందువరుసలో ఆడించారు. ఫైనల్లో అతనూ గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది. మరుసటి ఏడాదే రహీం గారు కన్నుమూశారు.

పంతులైనా, కోచ్ అయినా పిల్లలకు ఏం అలవాటు చేశారన్నదే చివరికి మిగిలేది. ఈ స్వర్ణోత్సవ వేళ మాస్టార్లకు నా మనవి ఒక్కటే: ఆటల పీరియడ్‌ని లెక్కల క్లాసుకి ఇచ్చేయకండి.