అంకె కన్నా ముందు పూత

పశువైద్య పట్టా అందుకుని స్నాతకోత్సవ మండపం దాటే పట్టభద్రులందరికీ ఉద్యోగంలో చేరిన తొలి వారంలోనే ఎదురయ్యే వస్తువు ఒకటుంది. అది ఊదారంగు మూత బిగించిన, రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం పట్టే చిన్న గొట్టం. దాని అడుగున ఉండే ఈడీటీఏ అనే లవణం రక్తంలోని కాల్షియాన్ని పట్టి ఉంచి గడ్డకట్టనివ్వదు గనుక, కణాలు ప్రయోగశాల చేరేదాకా విడివిడిగా తేలుతూ ఉంటాయి. ఈ గొట్టంలోంచి వచ్చే అంకెలు పశువును చూసిన కంటికి సాయపడవలసినవే తప్ప ఆ కంటి స్థానాన్ని ఆక్రమించవలసినవి కావన్న మాటను పాఠ్యగ్రంథాలు చెప్పే ఉన్నాయి గాని, పని ఒత్తిడిలో అన్నిటికన్నా ముందు మరుగున పడేది ఆ మాటే.

రక్తపరీక్షలో జరిగే పొరపాట్లలో పెద్ద భాగం సూక్ష్మదర్శిని దగ్గర కాక పశువుల పాకలోనే మొదలవుతుంది. బెదిరి తన్నుకుంటున్న ఆవు మెడ సిర నుంచి అతికష్టం మీద అర మిల్లీలీటరు తీసి, రెండు మిల్లీలీటర్లకు గీత ఉన్న గొట్టంలో పోస్తే, మోతాదు మించిన లవణం ఎర్ర రక్తకణాల్లోని నీటిని లాగి వాటిని ముడుచుకునేలా చేస్తుంది. అప్పుడు లేని రక్తహీనత కాగితం మీద పుట్టుకొస్తుంది. గీత దాటేలా నింపితే సన్నటి గడ్డలు ఏర్పడి లెక్క మొత్తం తప్పుతుంది. గాజు పలక మీద రక్తపు బొట్టును పలచగా లాగి చేసే పూతను, అంటే స్మియర్‌ను, పశువు పక్కనే చేసి, గాలికి ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి స్థిరపరచడం ఉత్తమం. అలా స్థిరపరచని పూతను పాకలో వదిలేస్తే ఈగలు వాలి కణాలను తినేస్తాయి, ఫార్మలిన్ సీసా పక్కన ఒకే పెట్టెలో సర్దితే దాని ఆవిరికి రంగు సరిగా పట్టదు. చూడడానికి ఇవి చిల్లర విషయాలే, కానీ ఎంత ఖరీదైన యంత్రమైనా వీటిని సరిదిద్దలేదు.

అన్నిటికన్నా చవకైన పరీక్ష, బహుశా అన్నిటికన్నా తక్కువ గౌరవం పొందినదీ, పీసీవీ. అంటే మొత్తం రక్తంలో ఎర్ర రక్తకణాలు ఆక్రమించే శాతం. సన్నటి గాజు నాళికలో రక్తం నింపి, ఒక కొస మూసి, నిమిషానికి పదివేలకు పైగా చుట్లు తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో ఐదు నిమిషాలు తిప్పితే అడుగున ఎర్రటి స్తంభం, దానిపై తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ చేరిన పలచని బూడిదరంగు పొర, ఆపైన ప్లాస్మా నిలుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవులో ఆ స్తంభం సుమారు 24 నుంచి 46 శాతం, కుక్కలో 37 నుంచి 55 శాతం ఉంటుంది. దవడ కింద నీరు దిగి నీరసించిన నెల్లూరు గొర్రెలో అది పన్నెండుకో పదికో పడిపోయిందంటే, హీమాంకస్ అనే కడుపు పురుగు, ఒక్కొక్కటి రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తాన్ని హరిస్తూ, వేల సంఖ్యలో చేరి ఉండవచ్చునని అనుమానించి పేడ పరీక్షకు పూనుకోవచ్చు. స్తంభం ఎత్తు చూసి నాళికను పారేసేవారు సగం సమాచారాన్ని పారేసినట్టే, ఎందుకంటే ప్లాస్మా రంగు కూడా మాట్లాడుతుంది: ఎర్రగా ఉంటే కణాలు పగిలాయని చెబుతుంది, ముదురు పసుపు కామెర్లను సూచిస్తుంది. అయితే పచ్చిమేత మేసే ఆవు ప్లాస్మా సహజంగానే పసుపుగా ఉంటుంది. ఆవు నెయ్యికి రంగునిచ్చే కెరోటిన్ వర్ణకమే అందుకు కారణం గనుక, కుక్కలో కామెర్లని రాయించే రంగును ఆవులో మేతకే జమకట్టవలసి రావచ్చు.

ఏ అంకెకైనా ముందు ఏ జంతువన్న ప్రశ్న రావాలి. మనిషి ఎర్రకణం వ్యాసం దాదాపు ఏడున్నర మైక్రాన్లు, కుక్కది ఏడు, ఆవుది ఐదారు కాగా, మేకది నాలుగు మైక్రాన్లకు లోపే. అందువల్ల మానవ రక్తానికి అమర్చిన యంత్రం మేక ఎర్రకణాలను ప్లేట్‌లెట్లుగా పొరబడే అవకాశం ఉంది. కోడి ఎర్రకణంలో కేంద్రకం ఉంటుంది కాబట్టి దాన్ని తెల్లకణంగా లెక్కించే ప్రమాదమూ ఉంది, అందుకే పక్షుల రక్తానికి గళ్లు గీసిన న్యూబార్ గాజు గది మీద కంటితో చేసే లెక్కకు నేటికీ విలువ తగ్గలేదు. తెల్లకణాల సంగతి ఇంకా చిత్రమైనది. బ్యాక్టీరియాను మింగే న్యూట్రోఫిల్స్ కుక్క రక్తంలో అధిక సంఖ్యలో ఉంటాయి. ఆవులోనేమో లింఫోసైట్లది పైచేయి, ఎముక మజ్జలో న్యూట్రోఫిల్స్ నిల్వ స్వల్పం. ఫలితంగా గర్భాశయంలో చీము పట్టిన కుక్కలో తెల్లకణాల సంఖ్య ఆకాశానికెక్కితే, తీవ్రమైన పొదుగువాపుతో పడిపోయిన ఆవులో మొదటి ఒకటి రెండు రోజుల్లో అదే సంఖ్య కిందికి జారుతుంది. ఆ తగ్గుదలను చూసి జబ్బు తేలికదని ఊరట చెందడం కన్నా పెద్ద పొరపాటు ఈ రంగంలో అరుదు.

పూత ప్రాముఖ్యం పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లో స్పష్టంగా తెలుస్తుంది. జ్వరంతో, భుజం ముందరి లింఫ్ గ్రంథి ఉబ్బి, పాలు తగ్గిన సంకరజాతి ఆవు పూతపై లీష్మన్ రంగు పోసి, రెండు నిమిషాల తర్వాత రెట్టింపు నీరు కలిపి పది నిమిషాలుంచి, కడిగి ఆరబెట్టి నూనె కటకం కింద చూస్తే, లేత గులాబీ కణంలో ఉంగరంలాగో కామాలాగో నీలి ఛాయతో, ఒక పక్క ఎర్రటి చుక్కతో థైలీరియా అనే పరాన్నజీవి కనిపిస్తుంది. కణం అంచున ముదురు చుక్క మాత్రమే ఉంటే అనాప్లాస్మా, మొనలు కలిసిన బేరిపండ్ల జంటలా ఉంటే బాబీసియా. ఐతే కోలుకున్న పశువులోనూ థైలీరియా అక్కడక్కడా మిగిలే ఉంటుంది, కాబట్టి ఒకటి రెండు కణాల్లో కనబడగానే నేటి జ్వరానికి అదే కారణమని తీర్పు చెప్పడం తొందరపాటు. గ్రంథి నుంచి సూదితో తీసిన ద్రవంలో, లింఫోసైట్ల లోపల, కాక్ నీలి దేహాలనే రూపాలు కనిపిస్తే ఆ తీర్పుకు బలం చేకూరుతుంది. రక్తంలో కంటికి కనిపించినదాన్ని నమ్మడానికి పాత ఉదాహరణ ఒకటుంది. గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో సర్రా అనే జబ్బుతో చనిపోతున్న గుర్రాల రక్తంలో ఈదులాడే ట్రిపనోసోమ్‌లనే పరాన్నజీవులను చూసి అవే రోగకారణమన్నప్పుడు ఆనాటి పైఅధికారులు వెంటనే ఒప్పుకోలేదు. అయినా ఆయన సూక్ష్మదర్శిని కింద చూసినదే నిలిచింది.

నేటి యంత్రం ఇరవైకి పైగా అంకెలను నిమిషంలో అచ్చువేసి ఇస్తుంది. నివేదిక అడుగున పూత పరిశీలన అనే గడి చాలాచోట్ల ఖాళీగా ఉంటుంది, లేదా అలవాటుగా సాధారణం అన్న ఒక్క మాటతో నిండుతుంది. పిల్లి రక్తంలో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టే స్వభావం ఎక్కువ గనుక, యంత్రం ప్రమాదకరంగా తక్కువని చూపిన లెక్కకు కింద, పూత అంచున ప్లేట్‌లెట్లు గుంపులుగా ఉన్నాయి, అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువే కావచ్చు అని ఎవరో ఒకరు చేతిరాతతో చేర్చాలి. ఆ ఒక్క వాక్యం రాయడానికి పట్టే సమయం పలకను కటకం కింద పెట్టి చూసే రెండు మూడు నిమిషాలే.