వార్తయు, వదంతియు, మన గ్రంథాలయమును
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట రెండు బెంచీలతో, ఒక బీరువాతో, నూటికి లోపు పుస్తకములతో ప్రారంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. నాడు బెంచీలు మోసికొని వచ్చినవారిలో కొందరు ఈ సభలో ఉన్నారు, కొందరు లేరు. లేనివారిని తలచుకొని, ఉన్నవారికి నమస్కరించి నా ప్రసంగము ప్రారంభించుచున్నాను.

వార్తలను గూర్చియు, వాటిని మోసికొని వచ్చు యంత్రములను గూర్చియు, వాటివలన సంఘమునకు కలుగు మేలుకీడులను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను కాను. ముప్పదియేండ్లు బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కావున ఇవి నా స్వంత అభిప్రాయములు మాత్రమే. తప్పైన దిద్దుడు, ఒప్పైన ఆచరింపుడు.

మొన్నటి కార్యవర్గ సమావేశమున ఒక చర్చ జరిగినది. "ఇంటింటా సెల్‌ఫోను ఉన్నది. వార్తలన్నియు అందులోనే తెలియుచున్నవి. ఇక పత్రికలకు నెలనెలా చందా కట్టుట దండుగ. ఆ సొమ్ముతో వైఫై పెట్టింతము" అని యువకులు అనిరి. "ఆ సెల్‌ఫోనే అన్ని అనర్థములకు మూలము. దానిని గ్రంథాలయపు గడప దాటనీయరాదు" అని పెద్దలు అనిరి. మాట మాట పెరిగి సమావేశము వాయిదా పడినది. ఇరుపక్షముల వారికిని నేను చెప్పుకొనవలసినది ఒకటి కలదు.

ముందుగా పెద్దలతో మనవి. వార్తను తెచ్చు సాధనము మారుట మనకు కొత్త కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసిన నాటికి మన పల్లెలలో చదువు వచ్చినవారు బహుస్వల్పము. ఊరికొక్క పత్రిక వచ్చిన అదే గొప్ప. ఒకరు పైకి చదువుచుండగా పదిమంది వినెడివారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెము కాలువలో గ్రంథాలయమే పడవయెక్కి పాఠకుని ముంగిటికి పోయినది. ఆ పడవను నడిపించిన పాతూరి నాగభూషణముగారు, 'పుస్తకము కదలరాదు, పాఠకుడే రావలెను' అని కూర్చుండలేదు. 1938లో మద్రాసునందు, 1948లో విజయవాడయందు ఆకాశవాణి కేంద్రములు వెలసినవి. పంచాయతీ కార్యాలయముల మీద రేడియో మ్రోగుట మొదలైన పిదప, చదువురాని రైతు కూడ నాటి వార్త నాడే వినగలిగెను. కావున యంత్రము శత్రువని అనుటకు వీలులేదు.

అంతేకాదు. వార్త అందకపోవుట ఎంత ప్రమాదమో తీరప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. తుఫాను రానున్నదని తెలిసినను, సముద్రమే ఊళ్లమీదికి లేచి వచ్చునని గుడిసెలలోని వారు ఎరుగరు. వేలాది ప్రాణములు ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినది. నష్టము అపారము. కాని ముందుగనే హెచ్చరికలు ఊరూర అందినందునను, లక్షలాది జనులను సురక్షిత స్థలములకు తరలించినందునను ప్రాణనష్టము ఎంతో తగ్గినది. ఈ రెంటికిని నడుమ మనము సంపాదించినది ఉపగ్రహము, రేడారు, టెలిఫోను, టెలివిజను. వీటిని నిందించుట కృతఘ్నత యగును.

ఇక యువకులతో మనవి. ఇందుకు నేను నా తప్పునొకదానిని మీయెదుట ఒప్పుకొనవలసియున్నది. దీనిని ఇంతవరకు ఏ సభలోను చెప్పియుండలేదు.

2018వ సంవత్సరము మే నెల. ఒక రాత్రి నా ఫోనునకు దగ్గరి బంధువు పంపిన సందేశమొకటి వచ్చెను. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠా జిల్లాలో దిగినదనియు, వ్యాపారుల వేషమున తిరుగుచున్నదనియు, పదిమందికి తెలిపి పిల్లలను కాపాడవలసినదనియు అందులో ఉన్నది. దానితోపాటు ఒక దృశ్యము. మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకొనుచున్న బాలుని చటుక్కున ఎత్తుకొని పోయిరి. నాకును మనుమలున్నారు. గుండె ఝల్లుమన్నది. క్షణమాలోచింపక దానిని మన ఊరి వాట్సాప్ గుంపునకు పంపితిని. పిల్లల జవాబుపత్రములు దిద్దునపుడు ఒక్కొక్క పంక్తికడ కలము నిలిపిన వాడను. ఆ రాత్రి మాత్రము నా వ్రేలు ఎక్కడను నిలువలేదు. ఒక మంచిపని చేసితినని తృప్తిపడి నిద్రించితిని.

మూడవనాడు మధ్యాహ్నము, పాతచీరలకు స్టీలుగిన్నెలిచ్చు వాడొకడు సైకిలు మీద గంపతో మన ఊరికి వచ్చెను. రామాలయము వద్ద ఏడ్చుచున్న పసిపిల్ల చేతికి బిస్కత్తు ఇచ్చెనట. అంతే. పదిమంది యువకులు చుట్టుముట్టిరి. చొక్కా చినిగినది. నుదుట నెత్తురు కారినది. గిన్నెలు వీధిపొడుగున దొర్లినవి. ఆ కేకలు విని మన గ్రంథపాలకుడు బయటకు వచ్చి, వానిని చెయ్యిపట్టి లోనికి తీసికొనిపోయి, పత్రికలు చదువు బెంచీ మీద కూర్చుండబెట్టి, తలుపు మూసి తాను గడపలో నిలిచెను. "పోలీసులు వచ్చేదాకా ఇతను మన గ్రంథాలయం పాఠకుడు. పాఠకుడి మీద చెయ్యి వేస్తే నేనూరుకోను" అనెను. ఇంతలో ఒక ముసలమ్మ ముందుకు వచ్చి, "ఓరి మీ దుంప తెగ! పదేళ్లనించి ఈ ఊరొస్తున్నాడ్రా వీడు. మా ఇంట్లో పాలగిన్నె వీడిచ్చిందే" అని కేకలువేసెను. జనము కొంత వెనుకకు తగ్గినది. పోలీసులు వచ్చి విచారింపగా అతడు పొరుగు మండలము వాడే. నాటినుండి అతడు మన ఊరికి మరల రాలేదు.

మరునాడు నేను ఆ యువకులను పిలిచి గట్టిగా మందలించితిని. వారిలో నా పూర్వవిద్యార్థి ఒకడు తలవంచుకొని తన ఫోను నా చేతికిచ్చెను. "ఇది మీరు పంపిందే కదండీ మాస్టారూ! మీరు పంపారంటే నిజమే అయ్యుంటుందనుకున్నాం" అనెను. నాకు నోట మాట రాలేదు.

అయ్యలారా! ఆ గిన్నెలవానిని కొట్టిన చేతులలో నా చేయి కూడ ఉన్నది.

మన అదృష్టము బాగుండి ఆనాడు ప్రాణము పోలేదు. అందరి అదృష్టము అట్లు లేదు. అదే సంవత్సరము జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, ఇట్టి వదంతినే నమ్మి, భిక్షాటనతో బ్రతుకు సంచారజాతి వారిని అయిదుగురిని జనము కొట్టి చంపిరి. వారిని పంచాయతీ కార్యాలయపు గదిలోనికి తీసికొనిపోయిరి. ఆ గదిలోనే వారు హతులైరి. అక్కడను ఒక గది ఉన్నది, ఇక్కడను ఒక గది ఉన్నది. ఇక్కడ గడపలో ఒక మనుష్యుడు నిలిచెను. భేదమంతయు అదియే. ఆ నెల 17న సుప్రీంకోర్టు, ఇట్టి మూకహింసను అరికట్టుటకు జిల్లాకొక పోలీసు అధికారిని నియమింపవలెనని ఆదేశించినది.

నేను పంపిన ఆ దృశ్యము ఎక్కడిదో తరువాత పత్రికలో చదివితిని. అది మన జిల్లాది కాదు. మన దేశముది కూడ కాదు. పిల్లలను జాగ్రత్తగా కాపాడుకొనుడని హెచ్చరించుటకు పాకిస్తానులోని కరాచీలో తీసిన ప్రచారచిత్రము. చిత్రాంతమున ఆ మోటారుసైకిలు వారే బాలుని తిరిగి తెచ్చి దింపి, ఒక హెచ్చరిక పలక చూపుదురు. ఎవరో ఆ చివరిభాగమును కత్తిరించిరి. హితబోధ విషమైనది. అందులోని బొమ్మ అబద్ధము కాదు. దానికి కట్టిన మాట అబద్ధము. ఈ సూక్ష్మము గ్రహించుటకే చదువు కావలెను.

ఆ సంవత్సరమే వాట్సాప్ సంస్థవారు ఒక సందేశమును ఒక్కసారిగా అయిదు చోట్లకు మించి పంపరాకుండ మనదేశమున కట్టడి చేసిరి. 2020 ఏప్రిలులో, అనేక చేతులు మారిన సందేశమును ఒకసారికి ఒక్కచోటికే పంపవలెనని మరింత బిగించిరి. మంచిదే. కాని కట్ట వేయుట వేరు, నీరు తేర్చుట వేరు. అబద్ధమును ఒక్కరికి పంపినను అది అబద్ధమే గదా!

పత్రికకును సందేశమునకును భేదమేమని మీరు అడుగవచ్చును. రేపు ఉదయము పత్రిక చేతికి తీసికొని, ఏదో యొక పుట అడుగున సన్నని అక్షరములలో నున్న పంక్తిని వెదకి చదువుడు. ముద్రించినవారెవరు, ప్రచురించినవారెవరు, సంపాదకుడెవరు, ఎచ్చట అచ్చైనది అని అందులో ఉండును. అచ్చువేసినవాని పేరు, ప్రచురించినవాని పేరు చెప్పవలెనను నియమము మనదేశమున 1867 నాటి చట్టముతో స్థిరపడినది. ఆ పాతచట్టము స్థానమున 2023లో కొత్తది వచ్చినది. ఆ సన్నని పంక్తికి అర్థమేమి? 'ఈ మాటకు నేను పూచీ; తప్పైన నన్ను అడుగుడు' అని. నా ఫోనునకు వచ్చిన సందేశము అడుగున ఎవరి పేరును లేదు. లేనందుననే ఊరివారు నా పేరు పెట్టుకొనిరి.

ఇట్లనినంత మాత్రమున పత్రికలన్నియు సత్యహరిశ్చంద్రులని నేననుట లేదు. 2009 ఎన్నికలలో కొన్ని పత్రికలు సొమ్ము పుచ్చుకొని ప్రకటనలను వార్తలుగా అచ్చువేసినవని గొప్ప అలజడి చెలరేగినది. పత్రికామండలియే విచారణ జరిపినది. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క పక్షము. టెలివిజనులో అరచినవాడే గెలిచినవాడు. అయినను అచ్చైన మాట రేపటికిని నిలిచియుండును, పట్టుకొని నిలదీయవచ్చును. వేటపాలెములోని సారస్వత నికేతనము 1918లో వెలసి, నాటి పత్రికలను నేటికిని భద్రపరచియున్నది. నిన్నటి సందేశమును తుడిచివేసినవానిని ఏ బీరువాలో వెదకుదుము?

మున్ముందు ఈ చిక్కు తగ్గునది కాదు; పెరుగునది. 2023 నవంబరులో, ఒక సినీనటి ముఖమును మరియొక స్త్రీ దేహమునకు యంత్రముచే అతికించిన దృశ్యము దేశమంతటను అలజడి రేపినది. కంటితో చూచినది నిజమనుటకును ఇక వీలులేదు. పోలీసులమని ఫోనులో బెదరించి, 'డిజిటల్ అరెస్టు' అని ముసలివారిని గదిలో బంధించి, కూడబెట్టిన సొమ్ము దోచుకొను మోసగాండ్రు బయలుదేరిరి. అట్టి అరెస్టు ఏ చట్టములోను లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే ఆకాశవాణిలో చెప్పవలసివచ్చినది. అట్టి మోసము జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఈ సంఖ్య మన ఊరిలో ఎందరికి తెలియును?

కావున ఈ శుభసందర్భమున కార్యవర్గమునకు నా మనవులు నాలుగు.

మొదటిది: వైఫై పెట్టింపుడు. యువకులు కోరినది న్యాయమే. ఉద్యోగపు దరఖాస్తులకు, పరీక్షాఫలితములకు, పంటధరలకు అది కావలెను.

రెండవది: పత్రికలను మానరాదు. భిన్నాభిప్రాయములు గల రెండు పత్రికలనైనను తెప్పింపవలెను. ఒకదానిని నెలకొకసారి కుట్టించి దాచవలెను.

మూడవది: వాకిట ఒక నల్లబల్ల కట్టవలెను. అనుమానపు సందేశము ఎవరికి వచ్చినను దానిని ఆ బల్లపై వ్రాయవలెను. ఎవరు చెప్పిరి? ఎప్పుడు, ఎచ్చట జరిగినది? మరెవరైన చెప్పుచున్నారా? ఈ మూడు ప్రశ్నలకు మన యువకులు విచారించి, మరునాడు దాని క్రిందనే జవాబు వ్రాయవలెను. తెలియనిచో 'తెలియలేదు' అని వ్రాయవలెను. అది చిన్నతనము కాదు.

నాలుగవది: వారమునకొక సాయంకాలము పెద్దలకు, స్త్రీలకు ఫోను వాడుక నేర్పవలెను. ఇచ్చట మనుమడే గురువు, తాతయే శిష్యుడు. అందులకు నాకు సిగ్గులేదు. మొదటి శిష్యునిగా నా పేరు వ్రాసికొనుడు.

ఆ నల్లబల్ల ఖర్చును, దాని సుద్దముక్కల ఖర్చును నేను భరించెదను. ప్రతిదినము సాయంకాలము అయిదు గంటలకు వచ్చి దానివద్ద కూర్చుండెదను. అది నేను చేయు దానము కాదు, తీర్చుకొను బాకీ.

ఆ గిన్నెలవాని పేరు నేను అడుగలేదు. ఏనాడైన అతడు మరల మన వీధిలో కేకవేసికొనుచు వచ్చిన, ఈ గ్రంథాలయపు బెంచీ మీద కూర్చుండి మంచినీళ్లు త్రాగి పోవలెనని నా కోరిక. ఆ బెంచీ ఇంకను ఇక్కడనే ఉన్నది. దానిని మార్చవలదని కూడ కార్యవర్గమును వేడుకొనుచున్నాను.