ఆవిడను అడిగారా?

యువ వైద్యులారా,

రేపటి నుంచి మీ చేతుల్లోకి కన్సెంట్ ఫారాలు వస్తాయి. తుంటి ఎముక విరిగిన పెద్దావిడ మంచం మీద ఉంటుంది. ఆపరేషన్ సంగతులన్నీ మీరు పక్కన నిలబడ్డ కొడుక్కి చెబుతారు. సంతకమూ ఆయనదే. ఆవిడ వింటూనే ఉంటుంది. మన వార్డుల్లో ఇది ఎంత మామూలైపోయిందంటే, తప్పని ఎవరికీ తోచదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నాలుగో సెక్షన్ ఒకసారి చదవండి. రోగి తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయించుకునే సామర్థ్యం లేదనకూడదని అందులో ఉంది. మానసిక వైద్యం కోసం రాసిందే అయినా, ఆ సూత్రం తుంటి ఎముకకూ పనికొస్తుంది.

1993లో ఇంగ్లండ్‌లో ఒక కేసు నడిచింది. బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో 68 ఏళ్ల స్కిజోఫ్రెనియా రోగి. తానే గొప్ప డాక్టరునని అతని భ్రమ. కాలికి గాంగ్రీన్ వస్తే, మోకాలి కింద తీసేయకపోతే బతకడం కష్టమన్నారు. వద్దన్నాడు. వైద్యులు చెప్పింది అతనికి అర్థమైందని హైకోర్టు తేల్చి, అతని మాటే నిలబెట్టింది. కాలు తీయకుండానే ఆ గండం గడిచింది కూడా. గడవకపోయినా తీర్పు సరైనదే అంటాను.

నిర్ణయించుకునే సామర్థ్యం కొన్నిసార్లు తాత్కాలికంగానే తగ్గుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, సోడియం పడిపోయినా పెద్దవాళ్లు సాయంత్రానికి ఏదేదో మాట్లాడతారు. వైద్యం అందాక చాలామంది తేరుకుంటారు. కాబట్టి కేసు షీటులో ‘డిమెన్షియా’ అని రాసే ముందు ఆగండి. కళ్లజోడు పెట్టించండి, వినికిడి యంత్రంలో బ్యాటరీ ఉందో లేదో చూడండి. ‘మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండమ్మా’ అనండి. ఏ నిర్ణయానికి ఆ నిర్ణయం విడిగా చూడాలి. బ్యాంకు లెక్కలు తప్పే పెద్దాయన, తానెవరింట్లో ఉండాలో చక్కగా చెప్పగలడు.

ఇంకొకటుంది. ఇది పాఠ్యపుస్తకాల్లో తక్కువ. గిఫ్ట్ డీడుకో వీలునామాకో ‘మతి స్థిమితంగా ఉంది’ అని సర్టిఫికెట్ కావాలంటూ మీ దగ్గరికి వస్తారు. ‘నాన్నగారి ఇష్టమేనండీ’ అంటారు. నాన్నగారు బయట కారులో ఉంటారు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆ బదిలీ చెల్లదని ప్రకటించే అధికారం తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమాల కోసం చేసిన 2007 చట్టం ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. కానీ ఆ వయసులో ట్రిబ్యునల్ మెట్లెక్కడం మాటలా? ముందే మీ గదిలో ఆపొచ్చు. పెద్దాయనను లోపలికి పిలవండి, మిగతావాళ్లను బయట కూర్చోమనండి. ఏం రాస్తున్నారు, ఎవరికి రాస్తున్నారు, రాశాక తానెక్కడ ఉంటారు, ఇవి అడగండి. ఇష్టం లేదని ఆయన గొణిగితే సర్టిఫికెట్ ఇవ్వకండి. కొడుక్కి కోపం వస్తుంది. రానివ్వండి.