ఆసుపత్రికీ వంతులు వేసుకుందాం
(రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీడిపిక్కల ధర గురించి మాట్లాడుకోవడానికి వచ్చిన చోట ఆసుపత్రి మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఉద్దానంలో ఈ రెండూ వేరు కావు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలానికి వెళ్లినా కిడ్నీ జబ్బు మాట వినపడుతుంది. బీపీ, షుగరు లేని రైతుకూ కూలీకీ ఇది ఎందుకొస్తోందో, ఏళ్ల తరబడి పరీక్షలు జరిగినా ఇదీ కారణమని తేలలేదు. కారణం తేలేదాకా మనిషిని కాపాడుకునే పని ఆగదు కదా. మేము ఈ రోజు చెప్పదలుచుకున్నది ఆ పని గురించే.

మా ఊరి సంఘ సభ్యుడు, మా ఈడువాడు, నాలుగేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు, విషయం మాత్రం చెప్పమన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు, పరిహారం జాబితాలో పేర్లు ఎక్కించడానికి మాతోపాటు ఊరూరా తిరిగిన మనిషి. అలాంటాయన ఒకరోజు, "ఇంక నేను ఆసుపత్రికి వెళ్లను. నా వెంట తిరిగి ఇంటిది కూలి పోగొట్టుకుంటోంది. ఉన్న తోట అమ్మేలోగా నేనే పోతే పిల్లలకు అదైనా మిగులుతుంది" అన్నారు.

డయాలసిస్ మానేస్తే ఆ స్థితిలో ఉన్న మనిషి ఎక్కువ రోజులు బతకరు. అది తెలిసే ఆయన ఆ మాట అన్నారు. "ధైర్యంగా ఉండు, అంతా దేవుడు చూసుకుంటాడు" అని చెప్పి లేచి వచ్చేస్తే సరిపోయేది కాదు. అందుకని కూర్చుని లెక్క వేశాం.

వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉంది, ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛనూ ఉంది. అవి పోరాడగా వచ్చినవే, కాదనం. కానీ వైద్యం ఉచితమైనా వెళ్లిరావడం ఉచితం కాదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మిషను మీద ఉండాలి. ప్రయాణం కలిపితే రోజంతా పోయినట్టే. రోగి పనీ పోతుంది, తోడు వెళ్లిన మనిషి కూలీ పోతుంది. ఆటో, తిండి, బయట కొనే మందులు దీనికి అదనం. తోటలో కలుపు తీసేవారుండరు, జీడిపిక్క ఏరేవారుండరు. ఇల్లు కూలేది ఇక్కడ.

వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 సార్లు. ఒక్క ఇల్లాలు మోయలేని బరువది. అదే పన్నెండు మంది పంచుకుంటే మనిషికి ఏడాదికి 13 రోజులు, అంటే నెలకు ఒక రోజు చిల్లర. నీటికి వంతులు వేసుకోవడం మనకు కొత్త కాదు. అలాగే ఒక నోటు పుస్తకంలో వంతులు రాసుకున్నాం. తోడు వెళ్లలేని వాళ్లు తోటపనికి పేరిచ్చారు. ఆడవాళ్లు కొందరు, పిక్కలు ఏరే నెలల్లో ఆయన తోటకు ఒక్కో పూట ఇస్తామన్నారు. రెండేళ్లయింది, ఆయన ఒక్క వారం కూడా మానలేదు.

తోడు వెళ్లేవాళ్లు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మేము అక్కడి నర్సులను, డాక్టర్లను అడిగి నేర్చుకున్నాం.

చూడడానికి వెళ్లేటప్పుడు ప్రేమ కొద్దీ కొబ్బరి బొండాలు, అరటిపళ్లు పట్టుకెళ్తాం. వద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పనిచేయని ఒంట్లో అది పేరుకుంటే గుండె ఆగే ప్రమాదం ఉంది. కొబ్బరి చెట్ల కింద పుట్టిన మనిషికి కొబ్బరినీళ్లు వద్దని చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. మంచినీళ్లు కూడా డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వస్తుంది.

డయాలసిస్ కోసం చేతికి ఆపరేషన్ చేసి రక్తనాళాలను కలుపుతారు, ఫిస్టులా అంటారు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, వేరే సూది పొడవనివ్వకూడదు, ఆ చేత్తో బరువులు మోయించకూడదు. దాని మీద వేళ్లు ఆనిస్తే గరగరమని అదురు తెలుస్తుంది. ఆ అదురు తెలియకపోతే ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక మనందరికీ ఒక మాట. ఒళ్లునొప్పులని దుకాణంలో బిళ్లలు కొని మింగడం మానండి. నొప్పి బిళ్లలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఈ జబ్బు చాలాదూరం ముదిరేదాకా నొప్పి తెలియదు.

మిత్రులారా, మన వంతులు చూసి ప్రభుత్వం తన వంతు మరిచిపోకూడదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటికి 700 కోట్ల పథకం వచ్చింది. ఆ ఆసుపత్రిలో డాక్టర్లు నిండుగా ఉండాలి, ఆ నీరు ప్రతి కొళాయికీ రోజూ రావాలి. డయాలసిస్ రోగికి, తోడు వెళ్లేవారికి బస్సు ప్రయాణం ఉచితం చేయాలి. తోడు వెళ్లినవారికి ఆ రోజు కూలి కట్టివ్వాలి. ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్న రైతు, కౌలురైతు అప్పు వసూళ్లు ఆపాలి. ఇవన్నీ మన తీర్మానంలో చేర్చమని కోరుతున్నాం.

తీర్మానం అమలు కావడానికి నెలలు పడుతుంది. రేపు పొద్దున్నే డయాలసిస్‌కి వెళ్లాల్సినవాళ్లు మీ ఊళ్లలో ఉన్నారు. ఇళ్లకు వెళ్లేముందు ప్రతి గ్రామ కమిటీ ఒక పుస్తకం తెరిచి, పన్నెండు పేర్లు రాసుకుని కదలాలి. మొదటి పేరు కమిటీ కార్యదర్శిదే కావాలి.